రంగు తినే నూనె

పోయిన నెల మా అబ్బాయి హోట్గి రోడ్డులో కారు సర్వీసింగుకు ఇవ్వబోతూ, ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు తనతో రమ్మని నన్నూ తీసుకుపోయాడు. అక్కడ ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, కాగితపు గ్లాసులో టీ చేతికిచ్చి, తన ఫోనులో తాను మునిగిపోయాడు. ఈ వయసులో మనబోటివాళ్ళను ఎక్కడికి తీసుకుపోయినా ముందు చూపించేది కుర్చీయే కదా, కూర్చున్నాను. అద్దం అవతల ఒక పాత ఎర్ర కారు నిలబడి ఉంది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకు జానెడెత్తున పడుకున్నట్టుండే పందెపు కారు. దాని యజమానికి ముప్పై ఏళ్ళుంటాయేమో, ఏ డబ్బా విప్పాలి, ఏది ముట్టుకోకూడదు అని పనివాడితో అరగంట వాదించాడు. చివరికి వాదన తెగి బ్రేకు నూనె పోస్తుండగా ఒక చుక్క తొణికి ఎర్రరంగు మీద పడింది. ఆ మనిషి సీసాలో నీళ్ళు తెచ్చి గబగబా కడిగేసి, ఈ నూనె రంగును తింటుంది, వెంటనే నీళ్ళు పోస్తే ఏమీ కాదు అని పనివాడికి చెప్పి నవ్వాడు. నా చేతిలోని టీ ఒలికి ధోతీ మీద పడింది. మా అబ్బాయి తలెత్తి, బీపీ మాత్ర వేసుకున్నారా నాన్నా అని అడిగాడు.

మాత్ర వేసుకున్నాను. ఆ మాటను నలభై అయిదేళ్ళ కిందటే నాకు ఒకాయన చెప్పాడు, ఆయనా నవ్వుతూనే చెప్పాడు. ఆయన కాలు పోయింది, నా ఉద్యోగం నిలిచింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ధైర్యం వచ్చి కాదు, ఇది తెలుసుకోవలసిన మనిషికి చదవడం రాదు గనుక.

మాది సోలాపూర్‌లో దాజీ పేట. తాతల నాడే కరీంనగర్ వైపు నుంచి బతకవచ్చి, మగ్గాలు పెట్టుకుని, ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, తిట్టుకునేటప్పుడు రెండూ కలిపి మాట్లాడే జనం మేము. మా వీధిలో తెల్లవారిందని చెప్పేది సాంచెల చప్పుడు. మర మగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళకు జీవితమంతా గొంతెత్తి మాట్లాడే అలవాటు పోదు, అందుకే ఇప్పుడు మా అబ్బాయి ఫ్లాట్లో పక్కవాళ్ళు నన్ను కోపిష్ఠి ముసలాయన అనుకుంటారు. నిజానికి కోపిష్ఠినే, ఆ మాట వేరు. అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే ఒకరి వెనక ఒకరు పోతే, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దదైన మా అక్క బీడీలు చుట్టి నన్ను సాకింది. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు చల్లి, చుట్టి, కట్టలు కట్టి, ఆ వేళ్ళతోనే నాకు ముద్దలు కలిపి పెట్టేది. మా ఇంట్లో అన్నం కూడా తంబాకు వాసన వేసేది. ఇప్పుడు ఎంత మంచి భోజనం తిన్నా నాకు ఏదో తక్కువైనట్టుంటుంది, కారణం మా కోడలికి ఎలా చెప్పను?

నన్ను ఒక దారిన పెట్టేదాకా పెళ్ళి చేసుకోనని కూర్చున్న అక్కకు ఆలస్యంగా సంబంధం కుదిరింది. బావ బొంబాయిలో ఒక మోటారు గ్యారేజీలో పదేళ్ళు పనిచేసినవాడు. ఊళ్ళో తల్లి తప్ప ఎవరూ లేరు కాబట్టి పెళ్ళయ్యాక మా రెండు గదుల ఇంటికే వచ్చి చేరాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మోటారు పని చేసేవాడైనా గోళ్ళు శుభ్రంగా ఉండేవి. మెల్లగా మాట్లాడేవాడు. మా వీధిలో మెల్లగా మాట్లాడే మనిషి ఏదో దాస్తున్నాడని అర్థం. నాకు ఆయన మొదటి రోజు నుంచీ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదని అప్పుడు అడిగితే పది కారణాలు చెప్పేవాణ్ణి, ఇప్పుడు అడిగితే ఒకటే చెబుతాను. అక్క మొదటి ముద్ద ఆయనకు పెట్టింది.

మా సావుకారికి నలభై సాంచెల కార్ఖానా ఉండేది, చద్దర్లు, తువ్వాళ్ళు నేసేవాళ్ళం. మేమున్న ఇల్లు కూడా ఆయనదే, కార్ఖానాలో పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. నేను ఇరవై రెండేళ్ళకే అక్కడ జాబర్ని, అంటే సాంచె ఆగితే విప్పి బాగుచేసేవాణ్ణి, నూనె వేసేవాణ్ణి, నేసేవాళ్ళను గదమాయించేవాణ్ణి. ఆ వయసుకు అది చిన్న పదవి కాదు, తల కొంచెం తిరిగే ఉంది. సరిగ్గా అప్పుడే బొంబాయిలో ఒక పెద్దమనిషి దివాలా తీస్తే, ఆయన ముచ్చటపడి దాచుకున్న ఇంగ్లీషు పందెపు కారును మా సావుకారి కొని తెచ్చాడు. ఎర్రది, రెండు సీట్లది. అప్పటికే పాతది. అందులోకి సావుకారి పొట్ట దిగడానికి ఇద్దరు మనుషులు కావాలి, బయటికి రావడానికి ముగ్గురు. పేటంతా దాన్ని కప్పకారు అని పిలిచేది. ఆ కప్పను చూసుకోవడానికి మా బావను పెట్టుకున్నాడు. నేను పదేళ్ళు గ్రీసు పూసుకుని సంపాదించిన సావుకారి చనువును ఈ మెల్లమాటల మనిషి రెండు నెలల్లో పట్టేశాడు.

బావ లెక్కలో కారంటే ఇనుము కాదు, నూనెలు. ఇంజనులో పోసేది చిక్కగా ఉండాలి, మన సోలాపూర్ ఎండకు పలుచనిది పోస్తే పాత ఇంజను సందుసందునా కారిపోతుందనేవాడు. మార్చేటప్పుడు ముందు బండిని రెండు మైళ్ళు తిప్పుకొచ్చి, ఇంజను వేడి మీదుండగానే కింది బోల్టు విప్పేవాడు, చల్లారాక విప్పితే మడ్డి అడుగునే ఉండిపోతుందట. వెనక ఇరుసులో పోసే నూనె కుళ్ళిన వెల్లుల్లి వాసన వేసేది. అదే నూనె గేరుపెట్టెలో పోస్తే లోపలి ఇత్తడిని తినేస్తుందని దానికి వేరే డబ్బా, వేరే గరాటు. రేడియేటరుకు బోరునీళ్ళు పోస్తే సున్నం కడుతుందని వాననీళ్ళు పట్టి దాచేవాడు. కార్బొరేటరు నెత్తిన ఒక చిన్న ఇత్తడి మూత ఉండేది, అది తిప్పి తీసి, అందులో మాత్రం మా సాంచెలకు వేసే తెల్ల నూనెనే నాలుగు చుక్కలు వేసేవాడు, అక్కడికి అంతకన్నా మంచిది లేదని నా ముందే నూనెను మెచ్చుకునేవాడు. ఇక బ్రేకు నూనె అంటే ఆయనకు దేవుడి గదిలో వస్తువు. అది బొంబాయి నుంచి సీలు వేసిన డబ్బాలో రావాలి, సీలు విప్పితే గాలిలో తడి పీల్చుకుంటుంది కాబట్టి మిగిలింది పారబోయాలి, రంగు మీద పడితే రంగును తింటుంది కాబట్టి పక్కన నీళ్ళ చెంబు పెట్టుకోవాలి.

"ఒక్కో నూనె ఒక్కోదాన్ని తింటది బామ్మర్ది," అనేవాడు. "ఇది రంగును తింటది, రబ్బరును ముట్టదు. మీ సాంచెల నూనె రంగును ముట్టదు, బ్రేకుల పోస్తే రబ్బరును తింటది. ఏది దేన్ని తింటదో ఎరుకైతే సాలు, గదే మోటరు పని."

ఇది నేను విన్నాను. వినలేదని రాసుకుంటే ఈ కథ నాకు చాలా సులువయ్యేది. విన్నాను, తల ఊపాను, ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో నలుగురిలో ఆయన గొంతును అనుకరించి, కప్పకారు ఇరుసుకు ఒక నూనె, చెవులకు ఒక నూనె, మా బావ జుట్టుకు ఒక నూనె అని చెప్పి అందరినీ నవ్వించాను.

నూనె గురించి నాకొకరు చెప్పడమేమిటన్నది నా మంట. మా కార్ఖానాల్లో నూనెకు ఒకటే పరీక్ష ఉండేది. సాంచె మీద నుంచి ఒక్క చుక్క చద్దరు మీద పడితే నేసినవాడి కూలీ కోత, జాబరుకు అందరి ముందూ తిట్లు. కాబట్టి కొత్త నూనె వస్తే ముందు ఒక చద్దరు ముక్క మీద చుక్క వేస్తాం, ఒక పూట ఆరనిచ్చి సబ్బుతో ఉతుకుతాం. మరక పోయి, రంగు కదలకుండా ఉంటే అది మంచి నూనె. రంగు కదిలిందో, అది విషం కిందే లెక్క. మా పేటలో రంగు దిగడమంటే పరువు దిగడమే, రంగు నిలవదని పేరు పడ్డ అద్దకపువాడికి పిల్లనిచ్చేవాళ్ళు కాదు. తాత నుంచి తండ్రికీ, తండ్రి నుంచి నాకూ వచ్చిన చదువు అదే. మంచి సరుకు రంగును చెడగొట్టదు. ఈ లోకంలో రబ్బరు అనేది ఒకటుందనీ, దానికి వేరే పరీక్ష ఉంటుందనీ ఒక మోటారువాడు చెబితే నమ్మే రక్తం కాదు మాది.

ఒకరోజు పొద్దున ఊరి నుంచి మనిషి వచ్చి బావ తల్లి పోయిందని చెప్పాడు. అక్కకు ఒంట్లో బాగాలేక బావ ఒక్కడే బయల్దేరాడు. వెళ్ళబోతూ నన్ను కారు దగ్గరికి తీసుకుపోయి, బ్రేకు నూనె నల్లబడింది, మార్చాలి, పన్నెండు రోజుల తరువాత సావుకారికి బొంబాయి వ్యాపారులు వస్తున్నారు, కారు చూపించాలంటాడు, ఈలోపు నువ్వే మార్చెయ్యి అని చెప్పి, బీరువాలోంచి సీలు వేసిన డబ్బా తీసి చూపించాడు. ఒక చక్రం దగ్గర నేను కూర్చుని చిన్న మూత విప్పాలి, సీట్లో ఒకరు కూర్చుని పెడలు నొక్కాలి, నొక్కి పట్టినప్పుడు పాత నూనె బయటికి వస్తుంది, నేను మూత బిగించాకే వాళ్ళు కాలు వదలాలి. ఇలా నాలుగు చక్రాలకూ. అన్నీ ఓపికగా చెప్పి, డబ్బా మీద సుద్దతో గీత గీసి, ఇదొక్కటే పొయ్యి బామ్మర్ది అన్నాడు. తల్లి చచ్చిపోయిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు కూడా నాకు అనిపించింది ఒకటే, నాకు చెప్పడానికి వీడెవడని.

సాంచెలకు సెలవు రోజు మధ్యాహ్నం డబ్బా సీలు విప్పాను. కావాలనే ఒక చుక్క కారు వెనక రెక్క మీద, ఎవరికీ కనబడనిచోట వేసి చూశాను. కాసేపటికి రంగు పొంగి, ముడతలు పడి, గోటితో గీస్తే ఊడివచ్చింది. ఎరుపు తెలుపు చారల చద్దరు ముక్క మీద ఇంకో చుక్క వేశాను. ఎరుపు పక్కనున్న తెలుపులోకి పాకింది. దాని పక్కనే మా తెల్ల నూనె చుక్క వేస్తే, ఉతికాక ముక్క కొత్తదానిలా ఉంది. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఈ వయసులో తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. బావ దొరికిపోయాడు అనుకున్నాను. ఇంత విషాన్ని కారు నరాల్లో పోస్తున్నాడు, పైగా నాకు పాఠాలు. కార్బొరేటరులోకి పనికొచ్చిన నూనె కాళ్ళ కిందికి పనికిరాదా? డబ్బాలోని నూనెను మోరీలో పారబోశాను. డబ్బాను కడిగి తుడిచి తెల్ల నూనెతో నింపాను. ఎందుకు నింపావు, కార్ఖానా పీపాలోంచి నేరుగా పోస్తే పోయేదిగా అని మీరు అడగాలి. తిరిగొచ్చాక బావ సణుగుతాడు, ఆ మెల్లటి గొంతుతో మళ్ళీ చెబుతాడు, అది వినే ఓపిక నాకు లేదు. డబ్బా చూసి తృప్తిపడనీ, ఏడాది గడిచాక నిజం చెప్పి నలుగురిలో నవ్వుదాం అనుకున్నాను. అంతే కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే నాకే బాగుండేది.

పెడలు నొక్కడానికి అక్కను పిలిచాను. కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు విప్పి, దేవుడి రథం ఎక్కినట్టు భయంభయంగా ఎక్కి కూర్చుంది. నేను చక్రం దగ్గరి నుంచి నొక్కు అంటే నొక్కింది, వదులు అంటే వదిలింది. మధ్యలో స్టీరింగు పట్టుకుని, కరీంనగర్ పోదామా తమ్మీ అని నవ్వింది. అక్క అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. నాలుగు చక్రాలకూ తెల్ల నూనె దిగింది. పెడలు గట్టిగా నిలిచింది. నా పని తీరుకు నేనే మురిసిపోయాను. రబ్బరు ఒక్కరోజులో ఉబ్బదని నాకేం తెలుసు.

బావ పన్నెండో రోజు పొద్దున గుండుతో దిగాడు, దిగుతూనే సావుకారి కబురు, వ్యాపారులు భవాని పేటలో ఆయన ఇంటికి వచ్చేశారు, కారు తీసుకురమ్మని. బావ కార్ఖానాలోనే పెడలు నొక్కి చూసి, బిగుతుగా ఉందేమిటన్నాడు. కొత్త నూనె కదా, నాలుగు రోజులు అలాగే ఉంటుంది అన్నాను. నన్ను ఒకసారి చూసి, నమ్మాడు. నమ్మి ఎక్కాడు.

తరువాత జరిగింది చూసినవాళ్ళు చెబితే తెలిసింది. భవాని పేటలో వీధి వాలుగా దిగేచోట, బీడీల కార్ఖానాలో కట్టలు అప్పగించి ఆడవాళ్ళు గుంపుగా ఎదురొస్తున్నారు, కొందరి చంకల్లో పిల్లలు. పెడలు ఒక్కసారిగా నేలకు అంటుకుపోయింది. చేతిబ్రేకు లాగితే సగమే ఆగింది. హారను కొట్టినా వాళ్ళు తప్పుకునేంత జాగా ఆ వీధిలో లేదు. బావ కారును పక్కనున్న అద్దకపు షెడ్డు గోడకేసి తిప్పాడు. ఒక్క ఆడమనిషికి గీత పడలేదు. కప్పకారు ముందు భాగం లోపలికి ముడుచుకుపోయి, దాంట్లో ఆయన కుడికాలు ఇరుక్కుపోయింది. పెద్దాసుపత్రిలో మోకాలి కింది నుంచి తీసేశారు.

మూడో రోజు సావుకారి ఆసుపత్రికి వచ్చాడు, చేతిలో ఆ డబ్బాతో. బీరువాలో దొరికిందట. ఆయనా మగ్గం గుంటలోంచి పైకి వచ్చినవాడే, మూత తీస్తే ఏ నూనెయో ముక్కుకు తెలియదా? మంచం పక్కన నేనున్నాను, కాళ్ళ దగ్గర అక్క కూర్చుని ఉంది. బొంబాయి డబ్బాలో సాంచెల నూనె ఎట్లా వచ్చిందని సావుకారి అడిగాడు. బావ డబ్బా తీసుకుని వాసన చూశాడు. తరువాత నన్ను చూశాడు. ఆయన కళ్ళలో కోపం ఉందేమోనని వెతికాను, లేదు, లెక్క వేసుకుంటున్న మనిషి చూపు. నోరు తెరవడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. అప్పుడు నాకు ఆయన కాలు గుర్తుకు రాలేదు, నా జాబరు పని గుర్తొచ్చింది, సావుకారి ఇల్లు గుర్తొచ్చింది. నేను మంచం కోడు చూస్తూ నిలబడ్డాను.

"నేనే పోసిన సావుకారీ," అన్నాడు బావ.

సావుకారి డబ్బాను ఆయన పక్క మీదే విసిరేసి, తన గడప తొక్కవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్తూ నా భుజం తట్టి, నీ మొహం చూసి ఇల్లు ఉంచుతున్నాను అన్నాడు. అక్క మొగుణ్ణి ఒకసారి చూసి, నీళ్ళు పట్టుకొస్తానని లేచి పోయింది. మేమిద్దరమే మిగిలాం. బావ పైకప్పు చూస్తూ, ఎప్పటి గొంతుతోనే, మెల్లగా మాట్లాడాడు.

"మీ అక్కకు చెప్పకు. నా కాలైతే మళ్ళ రాదు. ఆమెకు తమ్ముడన్న మిగలనీ."

నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. కిందికి దిగి, ఆసుపత్రి బయట బండి దగ్గర రెండు వడాపావ్‌లు తిన్నాను, ఒకదాని తరువాత ఒకటి, మిరపకాయ కూడా వదలకుండా. ఇది ఎందుకు రాస్తున్నానంటే, నేను కుమిలిపోయానని మీరు అనుకోకూడదు గనుక. కుమలడం చాలా ఏళ్ళకు మొదలైంది, కడుపు నిండి, పదవి స్థిరపడి, పెళ్ళయ్యి, ఇక పోగొట్టుకునేది ఏమీ లేదని నిశ్చయమయ్యాక.

బావ నేనే పోశానన్నాడు గానీ ఎందుకు పోశాడో చెప్పలేదు. చెప్పకపోతే పేట ఊరుకుంటుందా, కారణం అదే అల్లి ఇచ్చింది. తల్లి దినాలకు పైసలు లేక, అసలు నూనె ఎవరికో అమ్ముకుని, డబ్బాలో సాంచెల నూనె నింపిపెట్టి పోయాడన్నారు. అక్క నమ్మింది. పెడలు నొక్కిన కాలు తనదే కాబట్టి ఇంకా ఎక్కువ నమ్మింది, తన చేత ఆ పాపం చేయించాడని. ఆ రోజు నుంచి ఆమె నోరు మూతపడలేదు. అన్నం పెడుతూ అనేది, చాట దులుపుతూ అనేది, చుట్టాలొస్తే వాళ్ళ ముందు అనేది. "సచ్చినామెకు పిండం పెట్టనీకె బతికున్న నన్ను అమ్ముకున్నడు," అనేది. పిల్లలు కలగకపోవడం కూడా ఆ లెక్కలోకే వేసింది. బావ వినేవాడు. నేను పక్కన కూర్చుని, పోనీలే అక్కా అనేవాణ్ణి. పోనీలే అనడం వల్ల నేను మంచివాణ్ణని పేరు వచ్చింది.

ఒంటికాలితో సాంచె ముందు నిలబడలేడు కాబట్టి బావ బీడీలకు కూర్చున్నాడు. గడప లోపల, ఆడవాళ్ళు కూర్చున్నట్టే, ఒళ్ళో చాట పెట్టుకుని. మగవాడు బీడీలు చుట్టడం మా పేటలో అంతవరకు ఎవరూ ఎరగరు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చాటయ్య అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. చాయ్ హోటల్లో ఎవరో ఆ ప్రస్తావన తెస్తే, నన్ను ఎవరైనా అనుమానిస్తున్నారేమోనన్న బెదురులో, అందరికన్నా ముందు నేను నవ్వాలని ఆ మాట అనేశాను. సాయంత్రానికల్లా అది మా గడప దాకా వచ్చింది. ఎవరు పెట్టారో బావకు తెలిసి ఉంటుంది, తెలియనిదేముంది ఆయనకు.

ఏళ్ళు గడిచాక ఒకసారి, తునికాకు కత్తెర బిగుసుకుపోయింది, నాలుగు చుక్కలు తెల్ల నూనె తెచ్చిపెట్టమని అడిగాడు. ఎత్తిపొడుపు లేదు, ఆ గొంతులో ఎప్పుడూ ఉండేది కాదు, కత్తెరకు ఆ నూనే మంచిది కాబట్టి అడిగాడు. అయినా నాకు చెంప మీద కొట్టినట్టయింది. మూడు రోజులు మరిచిపోయినట్టు నటించి, నాలుగో రోజు వేరే మనిషి చేత పంపించాను. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టాడు. తంబాకు ధూళితో దగ్గు పట్టుకుంది, ఒక ఎండాకాలం ఆ దగ్గుతోనే పోయాడు. అక్క శవం మీద పడి ఏడుస్తూ కూడా తిట్టింది. పాడె ముందు కొమ్ము నేను పట్టాను. దొంగ అనిపించుకున్న మొగుడున్నా, తమ్ముడు దేవుడని పేటంతా అన్నది.

ఇప్పుడు దాజీ పేటకు పోతే వీధి చివర నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. అంత నిశ్శబ్దం. మా సావుకారి కార్ఖానా గోదాము అయింది, సాంచెలు తుక్కు కింద పోయాయి, చద్దరు ముక్క మీద నూనె చుక్క వేసి చూసేవాళ్ళలో బతికున్నది నేనూ ఇంకో ఇద్దరు. ఏదైనా పనిముట్టులో ఏం పోయాలో ఇప్పుడు డబ్బా మీదే రాసి ఉంటుంది, తాత చెప్పాడనో తండ్రి చెప్పాడనో తలబిరుసు చూపించే అవసరం ఎవరికీ లేదు. బాగుపడ్డాం, ఒప్పుకుంటాను. అయినా ఆ చప్పుడు పోయాకనే నాకు నా లోపలి మాటలు వినబడడం మొదలైంది, అది మాత్రం బాగుపడడం అనిపించుకోదు. అక్క ఇంకా అక్కడే, ఆ రెండు గదుల్లోనే ఉంటోంది. మా ఇంటికి రమ్మంటే రాదు. నెలనెలా నేనే పోయి వస్తుంటాను.

ఆ ఎర్ర కారును చూసి వచ్చిన పదిహేను రోజులకు పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ళ పేరున అన్నం పెట్టే రోజు. ఈసారి చెప్పేద్దామనే పోయాను. దారిలో రిక్షాలో కూర్చుని మాటలు కూర్చుకున్నాను కూడా. అక్క గారెలు చేసి, బావ ఫొటో ముందు ఒక విస్తరి పెట్టి, నాకొక విస్తరి వేసింది. ఎన్నడూ లేనిది, ఆ రోజు ఫొటోను ఒక్క మాట అనలేదు. నా ఎదురుగా చతికిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"తమ్మీ, ఆయనను నేను మస్తు మాటలన్న. ఉన్నన్నొద్దులు అన్న, పోయినంక గూడ అన్న. ఆయన చేసింది తప్పే గని, గంతగనం అనొచ్చునా? నాదేమన్న తప్పైతదా?"

కూర్చుకుని పోయిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. చెబితే ఆయన దొంగ కాకుండా పోతాడు. చెబితే, ఇన్నేళ్ళూ అన్న ప్రతి మాటా ఈ డెబ్భై ఆరేళ్ళ మనిషి మీదకు ఒక్కటొక్కటిగా తిరిగి వస్తుంది, వాటితో ఆమె ఆ రెండు గదుల్లో ఒంటరిగా ఉండాలి, తమ్ముడు కూడా మిగలడు. జాలి వల్ల ఊరుకున్నానని చెప్పుకోవచ్చు. ఆసుపత్రిలో ఊరుకున్నప్పుడు జాలి లేదుగా, నోరు మూసుకోవడం మాత్రం అదే.

"నీ తప్పేం లేదక్కా," అన్నాను. "నీ జాగల ఎవరున్న గంతే అంటరు."

అక్క ముఖం తేటపడింది. నువ్వన్నావంటే నిజమే అయి ఉంటుందిలే అని లేచి, నా విస్తట్లో ఇంకో గారె వేసింది. తిన్నాను.